ఎండోమెట్రియం (గర్భసంచి లోపలి పొర) క్యాన్సర్, ఆపరేషన్‌కి ఇంకా మూడు వారాలుంది: ఈలోగా ఏమేం చూసుకోవాలి?

విల్లివాక్కం టీచరమ్మ

అందరికీ నమస్కారం. నా వయసు 57. నెలసరి ఎప్పుడో ఆగిపోయాక మళ్లీ రక్తం కనబడితే స్కానింగ్, బయాప్సీ చేశారు. "ఎండోమెట్రియాయిడ్ అడినోకార్సినోమా, గ్రేడ్ 1" అని రిపోర్టు వచ్చింది. గర్భసంచి కండరంలో సగం లోతుకు కూడా వెళ్లలేదని, బయటికి పాకినట్టు లేదని ఎంఆర్ఐలో రాశారు. ఇక్కడే చెన్నైలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాపరోస్కోపీతో (చిన్న రంధ్రాల గుండా కెమెరా పెట్టి) గర్భసంచి, అండాశయాలు తీసేస్తామని మూడు వారాల తర్వాత తేదీ ఇచ్చారు.

షుగరు, బీపీ ఉన్నాయి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు) 8.6, హిమోగ్లోబిన్ 9.1, బరువు 84 కిలోలు. రక్తం ఇంకా కొద్దికొద్దిగా పోతూనే ఉంది.

క్యాన్సర్ అని తెలిశాక కూడా మూడు వారాలు ఆగడం ప్రమాదం కాదా? సర్జన్ ఎదుట కూర్చుంటే నాకు మాట రావడం లేదు, ఏమేం అడగాలో చెప్పండి. మాత్రలు ఏవి ఎప్పుడు ఆపాలి? నెల్లూరు నుంచి బంధువులు కషాయం పంపారు, తాగొచ్చా? ఇన్సూరెన్స్ ఉంది గానీ గర్భసంచి ఆపరేషన్‌కి రెండేళ్లు ఆగాలని పాలసీలో రాసి ఉంది, తీసుకుని ఏడాదే అయింది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్లు ఏ ఒక్కదానికి జవాబిచ్చినా మేలు.

ఆంకాలజీ వార్డు సిస్టర్

అమ్మా, ముందు గడువు సంగతి. గ్రేడ్ 1 అంటే ఆ కణాలు ఇంకా మామూలు గర్భసంచి పొర కణాల పోలికలోనే ఉన్నాయని అర్థం. ఈ రకం సాధారణంగా నెమ్మదిగా పెరుగుతుంది. మీ రిపోర్టుకి మూడు వారాలు మామూలు గడువే. పైగా హిమోగ్లోబిన్ 9.1తో రేపే బల్లెక్కించడం కన్నా ఈ మూడు వారాల్లో రక్తం పెంచి, షుగరు దారికి తెచ్చి ఎక్కించడమే మీకు క్షేమం. ఆసుపత్రివాళ్లు తేదీని మళ్లీ వాయిదా వేస్తుంటే మాత్రం ఊరుకోవద్దు. కారణమేంటో, కొత్త తేదీ ఏదో రాతపూర్వకంగా తీసుకోండి.

ఇది చదివే మిగతావాళ్లు ఒక్క మాట గుర్తుంచుకోండి. మీ బయాప్సీలో గ్రేడ్ 3 అనో, సీరస్, క్లియర్ సెల్, కార్సినోసార్కోమా అనో ఉంటే పైన చెప్పింది మీకు వర్తించదు. అవి దూకుడు రకాలు. తేదీ ముందుకు జరపమని గట్టిగా అడగాలి, కడుపులోని కొవ్వు పొర (ఓమెంటం) నుంచి కూడా ముక్క తీస్తారా అని అడగాలి.

టీచరమ్మగారూ, బంధువులు "ఫలానా ఆవిడకీ గర్భసంచి క్యాన్సరే, ఇన్ని కరెంట్లు (రేడియేషన్) పెట్టారు" అని చెబుతుంటే ఆవిడకొచ్చింది లోపలి పొరలోనా, ముఖద్వారంలోనా అని అడగండి. మన దగ్గర ఎక్కువగా కనబడేది ముఖద్వారం క్యాన్సర్. దాని కారణం, వైద్యం పూర్తిగా వేరు. అది కొంచెం ముదిరితే ఆపరేషన్ లేకుండా రేడియేషన్, కీమోలతోనే నయం చేస్తారు. మీ జబ్బుకి మొదటి వైద్యం ఆపరేషనే. వాళ్ల అనుభవాన్ని మీ మీద వేసుకోవద్దు.

సర్జన్‌ని అడగాల్సినవి కాగితం మీద రాసుకెళ్లి, కాగితం చూస్తూనే అడగండి. ఎవరూ తప్పు పట్టరు. పక్కన ఒకరిని కూర్చోబెట్టి జవాబులు రాయమనండి, లేదా డాక్టరు అనుమతితో ఫోనులో రికార్డు చేయండి.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న: ఆపరేషన్ చేసేది గైనిక్ ఆంకాలజిస్టా (ఆడవాళ్ల క్యాన్సర్లకే ఆపరేషన్లు చేసే డాక్టరా), మామూలు గైనకాలజిస్టా? గర్భసంచి తీయడం ఇద్దరికీ వచ్చు. లింఫు గ్రంథుల్ని ఎక్కడ వెతకాలో, ఎంతవరకు తీయాలో రోజూ చేసే చెయ్యి వేరు. ఫైబ్రాయిడ్ అనుకుని గర్భసంచి తీసేశాక క్యాన్సర్ అని తేలి, గ్రంథుల కోసం రెండోసారి బల్లెక్కాల్సి వచ్చే కేసులు అందుకే ఉంటాయి.

రెండోది, సెంటినెల్ నోడ్ పరీక్ష చేస్తారా? ముఖద్వారం దగ్గర ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగు ఎక్కిస్తారు. అది లింఫు దారుల వెంట పాకి మొదటి గ్రంథుల దగ్గర చేరుతుంది, ప్రత్యేక కెమెరాలో పచ్చగా మెరుస్తుంది. క్యాన్సర్ పాకితే ముందు చేరేది వాటికే కాబట్టి వాటినే తీసి పరీక్షకు పంపుతారు. అన్ని గ్రంథులూ ఊడ్చి తీస్తే కాళ్ల వాపు (లింఫెడీమా) వచ్చి ఏళ్ల తరబడి ఉండిపోవచ్చు, ఈ పద్ధతిలో ఆ బెడద తక్కువ. రంగు ఒక పక్క కనబడకపోతే ఏం చేస్తారో కూడా అడగండి. ఆ పక్కన గ్రంథులన్నీ తీయడం మామూలు పద్ధతి. అయోడిన్ ఎలర్జీ గానీ, స్కానింగ్ కోసం కాంట్రాస్ట్ మందు ఎక్కించినప్పుడు దద్దుర్లు గానీ వచ్చి ఉంటే ఇప్పుడే చెప్పండి.

మూడోది, గర్భసంచిని ముక్కలు చేయకుండా పూర్తిగా బయటికి తీస్తారు కదా? ల్యాపరోస్కోపీలో యోని దారి గుండా మొత్తంగా తీయాలి. క్యాన్సర్ ఉన్న గర్భసంచిని కడుపులో ముక్కలు చేస్తే కణాలు చెదిరిపోతాయి. ఆంకాలజీ సర్జన్లకి ఇది చెప్పక్కర్లేదు గానీ అడిగితే మీకు నిశ్చింత. ఏదైనా ఇబ్బంది వస్తే కోత ఆపరేషన్‌కి మారతారా అన్నదీ అడగండి. అలా మారడం వైఫల్యం కాదు. ఆసుపత్రిలో 2, 3 రోజుల బదులు 5, 6 రోజులు ఉండాలి, అంతే.

బయాప్సీ గాజు పలకలు, ఆ ముక్కను భద్రపరిచిన మైనం బ్లాకు మీ హక్కు. రెండో అభిప్రాయం కావాలంటే రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, అక్కడి పాథాలజిస్టు ఆ పలకల్ని మళ్లీ చూడాలి. అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోటికి వెళ్లేటప్పుడు పలకలు, బ్లాకు, ఎంఆర్ఐ సీడీ మూడూ పట్టుకెళ్లండి. ఫిల్ము ఒక్కటే తీసుకెళ్లి తిరిగొచ్చేవాళ్లే ఎక్కువ. కదలలేనివాళ్లకి నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ (దేశంలోని క్యాన్సర్ ఆసుపత్రుల కూటమి)తో కలిసి పనిచేసే "నవ్య" ద్వారా ఆన్‌లైన్‌లో అభిప్రాయం తీసుకునే వీలుంది.

మత్తు డాక్టర్

టీచరమ్మగారూ, నేను మందుల గురించి, రక్తం గురించి చెబుతాను. ఇక్కడ రాసింది పట్టుకుని సొంతంగా ఏదీ ఆపొద్దు. మీ మత్తు డాక్టరుతో మాట్లాడేందుకు పనికొచ్చేలా రాస్తున్నాను. ప్రీ-అనస్థీషియా చెకప్‌ని (మత్తు ఇచ్చే ముందు చేసే పరీక్షని) ఆపరేషన్ ముందురోజుకి పెట్టుకోవద్దు. ఈ వారమే అడిగి చేయించుకోండి. ఎకో (గుండె స్కానింగ్), థైరాయిడ్, గుండె డాక్టరు అభిప్రాయం లాంటివి అడిగితే ముందురోజు చేయించే టైముండదు, తేదీలు తప్పేది ఎక్కువగా అక్కడే.

హిమోగ్లోబిన్ 9.1కి మూడు వారాల్లో మాత్రలు ఒక్కటే సరిపోవు. ఓ పక్క రక్తం పోతూ ఉంది, మాత్రలతో నెమ్మదిగా పెరుగుతుంది, కడుపులో మంట, మలబద్ధకం అదనం. ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష చేయించి, ఇనుము లోపమే అయితే సెలైన్‌లో ఎక్కించే ఐరన్ గురించి ఇప్పుడే అడగండి. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అయితే ఒకే విడతలో 1000 మిల్లీగ్రాముల దాకా ఇవ్వొచ్చు. ఐరన్ సుక్రోజ్ అయితే 200 చొప్పున రోజు విడిచి రోజు కొన్ని విడతలు. ఎక్కించిన మర్నాడే పెరగదు, ఫలితం కనబడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. అందుకే చివరి వారంలో అడిగితే ఉపయోగం ఉండదు, అప్పుడు రక్తం ఎక్కించడమే మిగులుతుంది. మాత్రలే వాడేవాళ్లు నిమ్మరసంతో వేసుకోండి. కాఫీ, టీలకి గంటన్నర దూరం పెట్టండి, కాల్షియం మాత్రతో కలపొద్దు.

రక్తస్రావం తగ్గడానికి ట్రనెక్సామిక్ యాసిడ్ రాస్తారు. కాళ్ల నరాల్లో గానీ ఊపిరితిత్తుల్లో గానీ ఎప్పుడైనా గడ్డ కట్టి ఉంటే అది వేసుకునే ముందే చెప్పాలి. గంటకో ప్యాడ్ నిండిపోతూ రెండు గంటలు దాటితే, లేదా లేచి నిలబడితే కళ్లు తిరిగితే ఓపీ కోసం ఆగకుండా క్యాజువాలిటీకి వెళ్లండి.

హెచ్‌బీఏ1సీ మూడు నెలల సగటు. మూడు వారాల్లో అది 8.6 నుంచి 7కి రాదు, రావాలని ఉపవాసాలు చేయొద్దు. మీరు మార్చగలిగింది రోజువారీ అంకెలు. గ్లూకోమీటరుతో పరగడుపున, తిన్న రెండు గంటలకి చూసి రాసుకోండి. పరగడుపు 140 దాటుతున్నా, తిన్నాక 180 దాటుతున్నా షుగరు డాక్టరు ఆపరేషన్ దాకా ఇన్సులిన్ పెట్టొచ్చు. ఒకసారి పెడితే జీవితాంతం అన్న భయం వద్దు, ఆపరేషన్ అయ్యాక చాలామంది మాత్రలకి తిరిగొస్తారు. షుగరు ఎక్కువుంటే కుట్లు చీము పడతాయి, మానవు. అసలు బాధ అది.

ఇక మాత్రలు. మీ షుగరు మాత్ర పేరు కాదు, అట్ట వెనక సన్నటి అక్షరాలు చదవండి. మన దగ్గర ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిపి వస్తాయి. అందులో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి "గ్లిఫ్లోజిన్" ఉంటే దాన్ని ఆపరేషన్‌కి కనీసం 3 రోజుల ముందు ఆపిస్తారు. ఆపకపోతే మీటరులో షుగరు మామూలుగానే కనబడుతూ ఒంట్లో ఆమ్లం పేరుకునే ప్రమాదం ఉంది. మీటరు బాగున్నట్టే చూపిస్తుంది గనక పట్టుకోవడం ఆలస్యమవుతుంది. ఆపిన ఆ 3 రోజులూ బదులు ఏం వేసుకోవాలో కూడా రాయించుకోండి. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ మామూలుగా ఆపరేషన్ రోజు పొద్దున వద్దంటారు, ఖాళీ కడుపున గ్లిమిపిరైడ్ వేస్తే షుగరు పడిపోతుంది. వారానికోసారి వేసుకునే సెమాగ్లుటైడ్ రకం ఇంజెక్షన్లు వాడుతుంటే తప్పకుండా చెప్పాలి, వాటితో తిన్నది కడుపులో చాలాసేపు నిలిచిపోతుంది.

బీపీ మాత్రల్లో టెల్మిసార్టాన్, రామిప్రిల్ రకాలు ఆపరేషన్‌కి 24 గంటల ముందు నుంచి చాలామంది ఆపమంటారు, మత్తులో బీపీ మరీ పడిపోకుండా. ఆమ్లోడిపిన్, మెటోప్రోలాల్ మాత్రం ఆ రోజు పొద్దున కూడా గుక్కెడు నీళ్లతో వేసుకోమంటారు. మెటోప్రోలాల్‌ని హఠాత్తుగా ఆపితే గుండె దడ, బీపీ రెండూ ఎగబాకుతాయి. థైరాయిడ్ మాత్ర వేసుకోవచ్చు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు, ముఖ్యంగా స్టెంట్ ఉన్నవాళ్లు, గుండె డాక్టరు చేత రాయించుకోకుండా ఒక్క రోజు కూడా ఆపొద్దు.

కషాయం వద్దండీ. ప్రేమతో పంపారు, కాదనను. కానీ అందులో ఏముందో, ఎంతుందో ఎవరూ చెప్పలేరు. రక్తస్రావానికని ఆడవాళ్లకి ఇచ్చే అరిష్టాలు, పసుపు గుళికలు, వెల్లుల్లి గుళికలు, చేపనూనె, అశ్వగంధ అన్నీ రెండు వారాల ముందే ఆపేయాలి. కొన్ని రక్తం గడ్డకట్టడాన్ని ఆలస్యం చేస్తాయి, కొన్ని మత్తుమందుతో కలిసి నిద్ర ఎక్కువ చేస్తాయి. కూరలో వేసే పసుపు, వెల్లుల్లి మామూలే.

తిండి దగ్గర ఒకటే గుర్తుంచుకోండి, బరువు తగ్గించుకునే సమయం కాదిది. కుట్లు మానడానికి మాంసకృత్తులు కావాలి, మీకు రోజుకు 70, 80 గ్రాములు ఉండాలి. గుడ్డుకి 6 గ్రాములు, గ్లాసు పాలకి 6, 7, గుప్పెడు వేరుశనగ పప్పుకి 7, గట్టి పప్పు ఒక కప్పుకి 8 దాకా. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం సాంబారన్నం, రాత్రి పెరుగన్నం తింటే సగం కూడా అందదు. అన్నం ఒక గరిటె తగ్గించి, రెండు గుడ్లు, పనీరో కోడికూరో చేర్చండి. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగాకే.

ఉపవాసం: గట్టి తిండి ఆపరేషన్‌కి 6 గంటల ముందు ఆపాలి, నూనె వంటకాలైతే 8 గంటలు. మామూలు నీళ్లు 2 గంటల ముందు వరకు ఇవ్వొచ్చు. పాలు కలిపిన ఫిల్టర్ కాఫీ, మజ్జిగ నీళ్ల లెక్కలోకి రావు, వాటికీ 6 గంటలే. "ఒక్క గుక్క కాఫీయే కదా" అని తాగి వచ్చి కేసు సాయంత్రానికి వెళ్లిపోవడం చెన్నై ఆసుపత్రుల్లో మామూలు.

గురక పెడతారా, పగలు కునుకుతారా, కదిలే పళ్లున్నాయా, ఇంతకుముందు మత్తు ఇస్తే వాంతులయ్యాయా, ఇవన్నీ వాళ్లు అడగకపోయినా చెప్పండి. ల్యాపరోస్కోపీలో తల కిందికి, కాళ్లు పైకి వంచి, కడుపులో గాలి నింపుతారు. 84 కిలోల బరువుతో ఆ భంగిమలో ఊపిరితిత్తుల మీద ఒత్తిడి ఎక్కువ. గురక సంగతి అందుకే మాకు ముఖ్యం.

ఫిజియో, అన్నానగర్

డాక్టరుగారు ఊపిరి గురించి ఎత్తారు కాబట్టి చేరుస్తున్నా. మూడు బంతుల స్పైరోమీటరు మందుల షాపులో దొరుకుతుంది, ఇవాళే కొనండి. దాన్ని ఊదకూడదు, పీల్చాలి. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. నెమ్మదిగా పీల్చి, రెండు బంతులు లేచాక రెండు మూడు సెకన్లు నిలబెట్టి వదలాలి. ఒక్క ఊపున మూడు బంతులూ ఎగరేయడం వల్ల లాభం లేదు. విడతకు 10 సార్లు, రోజుకు 4 విడతలు. తల తిరిగితే ఆగండి.

నడక రోజూ 30 నిమిషాలు, ఒకేసారి కాకపోతే పది చొప్పున మూడుసార్లు. హిమోగ్లోబిన్ తక్కువుంది కాబట్టి ఆయాసమొస్తే కూర్చోండి. ఎండ దిగాక ఇంటి మేడ మీద నడిచినా చాలు.

మంచం మీంచి లేవడం ఇప్పుడే నేర్చుకోండి: పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి వదిలి, మోచేత్తో లేవాలి. వెల్లకిలా ఉండి నేరుగా లేస్తే కుట్లు లాగుతాయి. దగ్గేటప్పుడు కడుపుకి దిండు అదిమి పెట్టుకోవాలి. మంచం మీద ఉన్నంతసేపూ గంటకోసారి పాదాలు పైకీ కిందికీ ఆడించండి, పిక్కల్లో రక్తం గడ్డ కట్టకుండా.

బిల్లింగ్, క్లెయిమ్‌లు చూసే వ్యక్తి

అమ్మా, మీ పాలసీ సంగతి. "హిస్టరెక్టమీకి (గర్భసంచి తీసే ఆపరేషన్‌కి) 24 నెలలు" అన్న నిబంధన చాలా పాలసీల్లో ఉంటుంది. కానీ కొన్నింటిలో దాని కిందే, క్యాన్సర్ వల్ల అయితే ఇది వర్తించదని మినహాయింపు ఉంటుంది. చేతిలో ఉన్న రెండు పేజీల సర్టిఫికెట్‌లో అది కనబడదు. పూర్తి పాలసీ వర్డింగ్స్ పుస్తకం కంపెనీ వెబ్‌సైట్ నుంచి దించుకుని "స్పెసిఫైడ్ డిసీజ్" భాగం చదవండి. ప్రీ-ఆథరైజేషన్ (ముందస్తు అనుమతి) ఫారంలో రోగం పేరు దగ్గర ఉత్త "హిస్టరెక్టమీ" అని రాస్తే కంప్యూటరే తోసేస్తుంది. "ఎండోమెట్రియం క్యాన్సర్, బయాప్సీ నిర్ధారణ" అని రాయించి, బయాప్సీ రిపోర్టు జతచేయించండి.

మొదటి కన్సల్టేషన్ చీటీలో రక్తం ఎప్పటి నుంచి పోతోందని రాశారో చూసుకోండి. ఒక చీటీలో "2 నెలలు", ఇంకోదాంట్లో "2 ఏళ్లు" అని ఉంటే కంపెనీ అక్కడే పట్టుకుంటుంది. పొరపాటుంటే రాసిన డాక్టరు చేతే దిద్దించి సంతకం పెట్టించాలి. లేనిది రాయించొద్దు. షుగరు, బీపీ పాలసీ తీసుకునేటప్పుడే చెప్పి ఉన్నారా అన్నదీ చూస్తారు.

గది అద్దె దగ్గర చాలామంది మోసపోతారు. పాలసీలో రోజుకు 5,000 పరిమితి ఉండి మీరు 8,000 గదిలో చేరితే, కోత ఆ 3,000తో ఆగదు. సర్జన్ ఫీజు, థియేటర్ ఛార్జీలు కూడా అదే నిష్పత్తిలో కోస్తారు. రోబో ఆపరేషన్ అంటే దానికి విడిగా పరిమితి ఉందేమో అడగండి. ఎంఆర్ఐ, బయాప్సీ బిల్లులు పారేయకండి, ఆసుపత్రిలో చేరడానికి ముందు 30 లేదా 60 రోజుల ఖర్చు చాలా పాలసీలు ఇస్తాయి. క్యాష్‌లెస్ తిరస్కరిస్తే కారణం రాతలో అడగండి. కంపెనీకి ఫిర్యాదు చేసి 30 రోజుల్లో జవాబు రాకపోతే చెన్నైలోనే ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు పరిష్కరించే అధికారి) ఆఫీసు ఉంది, ఫీజు లేదు.

పాలసీ చెల్లకపోయినా దారులున్నాయి. తమిళనాడు రేషన్ కార్డు ఉండి కుటుంబ ఆదాయం ఏడాదికి 1,20,000 లోపు అయితే ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకం. ఆంధ్ర కార్డు ఉన్నవాళ్లు ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆ ఆసుపత్రి, ఆ ఆపరేషన్ రెండూ ఉన్నాయో లేదో చేరకముందే ఆరోగ్యమిత్రని అడగాలి, ఆసుపత్రి పేరు ఉంటే సరిపోదు. సెంట్రల్ స్టేషన్ ఎదుటి రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలోనూ క్యాన్సర్ విభాగం ఉంది. నెల్లూరు, చిత్తూరు నుంచి వైద్యానికి వచ్చేవాళ్లకి రైల్వే రాయితీ కూడా ఉంది: ఆసుపత్రి ఇచ్చిన ఫారం కౌంటర్లో చూపిస్తే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో పూర్తి రాయితీ, తోడొచ్చేవారికి 75 శాతం.

విల్లివాక్కం టీచరమ్మ

ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. మాత్ర అట్ట చూశాను, డాపాగ్లిఫ్లోజిన్ ఉంది. రేపే డాక్టరుకి చూపిస్తాను. కషాయం పక్కన పెట్టేశాను.

రెండు మిగిలాయి. రాత్రి రెండింటికి మెలకువ వస్తే తెల్లారేదాకా ఆలోచనలే. బయాప్సీ చేసి జబ్బును కదిలించారు, కత్తి తగిలితే పాకుతుంది అని ఒక పెద్దావిడ అన్నప్పటి నుంచి అది మనసులోంచి పోవడం లేదు. రెండోది, ఆపరేషన్ తర్వాత రిపోర్టులో ఏం చూడాలి?

క్యాన్సర్ కౌన్సెలర్

అమ్మా, ఆ పెద్దావిడ మాట నిజం కాదు. బయాప్సీ చేయకపోతే రకం తెలియదు, రకం తెలియకపోతే ఏ ఆపరేషన్ చేయాలో తెలియదు. పూర్వం జబ్బు ముదిరాకే కోసేవాళ్లు, కోశాక కొన్నాళ్లకే పోయేవాళ్లు. ఆ నమ్మకం అక్కడి నుంచి వచ్చింది. మీ జబ్బు రక్తం రూపంలో తొందరగానే బయటపడింది. గర్భసంచి దాటకముందే దొరికినవాళ్లలో అయిదేళ్ల తర్వాత కూడా నూటికి 90 మందికి పైగా ఉంటారని అమెరికా లెక్కలు చెబుతున్నాయి. ఇది అంటదు. ఒకే కంచంలో తిన్నా, మనవళ్లని ఒళ్లో కూర్చోబెట్టుకున్నా ఏమీ కాదు. ఏ పాపం వల్లా రాలేదు. నెలసరి ఆగాక ఒంట్లోని కొవ్వు ఈస్ట్రోజన్ తయారుచేస్తుంది, దానికి అడ్డుకట్ట వేసే ప్రొజెస్టిరాన్ ఉండదు, ఆ పొర పెరుగుతూ పోతుంది. షుగరు, బరువు ఉన్నవాళ్లకి ఎక్కువగా రావడానికి కారణం అదే. మిమ్మల్ని మీరు నిందించుకోవడానికి ఇందులో ఏమీ లేదు.

రాత్రి రెండు గంటల ఆలోచనలకి ఒక పద్ధతి ఉంది. సాయంత్రం ఆరింటికి అరగంట పెట్టుకుని భయాలన్నీ నోటుపుస్తకంలో రాయండి, ఒక్కోదాని పక్కన దీనికి జవాబు ఎవరు చెప్పగలరు అని రాయండి: సర్జన్, మత్తు డాక్టర్, ఇన్సూరెన్స్, కొడుకు, దేవుడు. డాక్టరు పేరున్నవి తర్వాతి ఓపీకి తీసుకెళ్లే కాగితంలోకి వెళ్తాయి. రాత్రి మెలకువ వస్తే "ఇది పుస్తకంలో ఉంది" అనుకోండి. ఇరవై నిమిషాల్లో నిద్ర పట్టకపోతే మంచం దిగి ఇంకో గదిలో కూర్చోండి, నిద్ర వచ్చాకే మళ్లీ మంచం ఎక్కండి. ఫోను చేతిలోకి తీసుకోవద్దు, ఆ వేళ యూట్యూబ్ చూపించేవన్నీ ముదిరిన కేసులే. వరసగా వారం నిద్ర లేకపోయినా, తిండి సహించకపోయినా, బతకడం ఎందుకనిపించినా ఆంకాలజిస్టుకి చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ 14416కి రాత్రైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు.

బంధువులందరికీ మీరే చెప్పాల్సిన పని లేదు. ఒక్కరిని ఎంచుకుని, ఫోన్లన్నీ వాళ్లకే రావాలని చెప్పేయండి. చూడ్డానికి వస్తామన్నవాళ్లని ఆపరేషన్ అయ్యాక రెండు వారాలకి రమ్మనండి. ఇప్పుడే రాదలచినవాళ్లకి పని అప్పజెప్పండి, పనీరు తెమ్మనండి, ఎంఆర్ఐ సీడీ తెచ్చిపెట్టమనండి. పిల్లల దగ్గర దాచొద్దు. చాటున విన్న మాట కన్నా మీ నోటి మాట వాళ్లకి తక్కువ భయం.

చాలామంది అడగలేక మింగేసే ప్రశ్న ఒకటుంది. గర్భసంచి తీశాక దాంపత్యం ఉంటుందా అని. ఉంటుంది. యోని పైభాగంలో వేసిన కుట్లు మానడానికి కనీసం 8 వారాలు ఆగాలి, డాక్టరు చూసి సరే అన్నాక మొదలుపెట్టొచ్చు. పొడిగా అనిపిస్తే జెల్లు దొరుకుతుంది. హార్మోను క్రీములు మాత్రం అడక్కుండా వాడొద్దు.

ఆంకాలజీ వార్డు సిస్టర్

రిపోర్టు సంగతి నేను చెబుతా. తీసిన గర్భసంచి పాథాలజీకి వెళ్లి, పూర్తి రిపోర్టు రావడానికి వారం పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. దశ ఖాయమయ్యేది అప్పుడే. ఇప్పటి గ్రేడ్ 1 అక్కడ 2గా మారొచ్చు, బయాప్సీలో చూసింది చిన్న ముక్కే కదా. ఆందోళన పడకుండా నాలుగు చూడండి: కండరంలో ఎంత లోతుకు వెళ్లింది (సగానికి లోపా, పైనా), ముఖద్వారం కండలోకి దిగిందా, సన్నటి రక్త, లింఫు నాళాల్లో కణాలున్నాయా (ఎల్‌వీఎస్ఐ అని రాస్తారు), గ్రంథుల్లో ఉన్నాయా. వీటిని బట్టే ఇంకేమీ అక్కర్లేదనో, యోని లోపల ఇచ్చే రేడియేషన్ (బ్రాకీథెరపీ) కొన్ని విడతలనో, బయటి నుంచి రేడియేషన్ అనో, కీమో అనో చెబుతారు.

క్యాన్సర్ కణాల్లో కొన్ని ప్రొటీన్లను చూసే ఎంఎంఆర్, పీ53 పరీక్షలు చేశారా అని అడగండి. అడగకపోతే చేయని చోట్లున్నాయి. ఎంఎంఆర్ ప్రొటీన్లు లేవని వస్తే కొందరిలో లించ్ సిండ్రోమ్ అనే వారసత్వ లోపం ఉండొచ్చు. అది ఉన్న ఇళ్లలో పెద్దపేగు క్యాన్సర్ కూడా వస్తుంది, కాబట్టి మీ అక్కచెల్లెళ్లు, పిల్లలు ముందుగా పరీక్షలు చేయించుకునే వీలుంటుంది.

చేరే రోజు కోసం రెండు మాటలు. మెట్టెలు ఏళ్లుగా బిగుసుకుని ఉంటే ఇప్పుడే సబ్బునీళ్లతో వదులు చేసుకోండి, థియేటర్ గుమ్మం దగ్గర రాకపోతే కత్తిరించాల్సి వస్తుంది. కరెంటుతో రక్తం ఆపే పరికరం వాడతారు కాబట్టి ఒంటి మీద లోహం ఉండకూడదు. గోరింటాకు, గోళ్లరంగు వద్దు, వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు సరిగ్గా చదవదు.

ల్యాపరోస్కోపీ తర్వాత రెండు మూడు రోజులు భుజం నొప్పి ఉంటే గుండెపోటని హడలిపోవద్దు, లోపల మిగిలిన గాలి వల్ల వస్తుంది, నడిస్తే తగ్గుతుంది. ఛాతీలో నొప్పో, ఆయాసమో ఉంటే మాత్రం అది వేరు, వెంటనే చెప్పాలి. రక్తం గడ్డ కట్టకుండా ఇచ్చే ఎనాక్సాపరిన్ ఇంజెక్షన్లు ఇంటికి రాసిస్తే రాసినన్ని రోజులూ పూర్తి చేయండి, బాగానే ఉన్నానని మధ్యలో ఆపితే కాళ్లలో గడ్డలు కట్టే ప్రమాదం పెరుగుతుంది. 6 వారాలు బరువులు ఎత్తకూడదు. 20 లీటర్ల నీళ్ల క్యాను తిప్పడం, తడి బట్టల బకెట్ మేడ మీదికి మోయడం కూడా అందులోకే వస్తాయి. మలబద్ధకం రానివ్వకండి, ముక్కితే కుట్ల మీద భారం. నేల మీది టాయిలెట్ అయితే కమోడ్ కుర్చీ అద్దెకి తెచ్చుకోండి.

గోధుమరంగు స్రావం కొన్ని వారాలు మామూలే. జ్వరం 100.4 దాటినా, వాసనతో చీము వచ్చినా, ఎర్రటి రక్తం పోసినా, ఒక పిక్క వాచి నొప్పి పెట్టినా, కడుపు ఉబ్బి వాంతులవుతున్నా, యోని నుంచి నీళ్లలా ఆగకుండా కారుతున్నా ఆ రాత్రే వెళ్లాలి. చివరిదాన్ని చాలామంది తెల్లబట్ట అనుకుని ఊరుకుంటారు. మూత్రనాళానికి గానీ మూత్రసంచికి గానీ దెబ్బ తగిలి లీకవుతుంటే అలా కారుతుంది, పట్టుకుంటే సరిచేస్తారు. డిశ్చార్జి కాగితం తీసుకునేటప్పుడు రాత్రిపూట ఏ నంబరుకి ఫోన్ చేయాలో అడిగి, ఆ కాగితం మీదే రాయించుకోండి. బయటి ఓపీ నంబరు రాత్రి ఎత్తరు.